తిరగలి ఎవరు తిప్పారు?

పోయినేడాది మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు అమ్మేశారు. తెనాలి దగ్గర చిన్న ఊరు. అమ్మమ్మ పోయాక నాలుగేళ్ళు తాళం వేసే ఉంది. కొన్నవాళ్ళు ఇల్లు పడగొట్టి డాబా వేసుకుంటామన్నారు. లోపలి సామాను మేమే తీసుకెళ్ళాలి. అమెరికా నుంచి విజయవాడ దాకా ఉన్న మనవలం, మనవరాళ్ళం కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు, గూగుల్‌లో ఒక షీటు పెట్టాం. షీటు చేసింది నేనే, ఉద్యోగం అలాంటిది. నాలుగు కాలమ్‌లు: వస్తువు, ఫొటో, కండిషన్, ఎవరికి. మొత్తం 43 వరసలు వచ్చాయి. గంగాళం, గుండిగ, మరచెంబు, భోషాణం, కవ్వం, పందిరిమంచం, రుబ్బురోలు పొత్రంతో సహా. తాతయ్య హెచ్‌ఎంటీ వాచీకి ముగ్గురం పోటీ పడ్డాం. గంగాళం ఎవరూ అడగలేదు, ఫ్లాటులో ఎక్కడ పెడతాం?

నా వంతుకి తిరగలి వచ్చింది. దాన్ని హైదరాబాద్ తెచ్చి, బాల్కనీలో పెట్టి, మీద ఒక మనీప్లాంట్ కుండీ పెట్టాను. మా ఆవిడది కరీంనగర్. చూసి "ఇసుర్రాయి తెచ్చినవా!" అని నవ్వింది. ఆ రాత్రే కూర్చుని ఒక వ్యాసం రాశాను. తిరగలి, అమ్మమ్మ, వేసవి సెలవులు, పేడతో అలికిన వాకిలి, తెల్లారుజామున వినిపించే తిరగలి పాట. నేను రాసిన వాటిలో జనం అంతగా చదివింది మరొకటి లేదు. పుస్తకాల మీద కష్టపడి రాసిన సమీక్షలకి పదిమంది కూడా మాట్లాడరు. దీనికి మాత్రం తెలియనివాళ్ళు మెసేజ్‌లు పెట్టారు, "మా అమ్మమ్మ గుర్తొచ్చింది, కళ్ళు చెమర్చాయి" అని.

అమ్మ మూడు రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"బాగుంది రా. కానీ ఆ పాట ఎవరు పాడారు?"

"అమ్మమ్మ పాడేది కదా?"

"మా అమ్మా? విసిరేటప్పుడు పలకరిస్తే కసురుకునేది. పాడే ఓపిక ఎక్కడిది నాన్నా. నేను పుట్టేసరికే ముగ్గురు పిల్లలు ఆవిడకి. నాకు పదేళ్ళు వచ్చాక ఆ తిరగలి నా నెత్తిన పడింది. స్కూల్ నుంచి రాగానే కందులు విసరాలి. మీ మావయ్యలు గోళీలాడుకునేవాళ్ళు. ఇప్పటికీ చలికాలం ఈ కుడి భుజం లాగుతుంది. అదెందుకు రాయలేదు?"

"నాకు తెలీదమ్మా."

"అడగలేదుగా."

ఈ వ్యాసం ఆ ఒక్క మాట దగ్గర మొదలైంది. ఇది నా పాత వ్యాసం మీద విమర్శ. అలాంటివి మనం చాలా రాస్తున్నాం, చాలా చదువుతున్నాం కాబట్టి, నా ఒక్కడి గొడవే కాదేమో అనిపించి ఇక్కడ పెడుతున్నాను.

*

ముందు, ఆ పాట ఎక్కణ్ణుంచి వచ్చింది? విసుర్రాటి పాటలు, దంపుళ్ళ పాటలు అని జానపద సాహిత్యంలో నిజంగానే ఒక శాఖ ఉంది. ఇంజనీరింగ్‌లో ఉండగా లైబ్రరీలో సంకలనాలు తిరగేశాను. సినిమాల్లో చూశాను. ఎక్కడో చదివిన పాటని తీసుకొచ్చి, మా అమ్మమ్మ నోట్లో పెట్టేశాను. అబద్ధం చెబుతున్నానని కూడా నాకు తెలియలేదు. అంత సహజంగా వచ్చేసింది ఆ వాక్యం.

అప్పుడు నా వ్యాసాన్నే ఒక బగ్ రిపోర్ట్ చూసినట్టు మళ్ళీ చూశాను. పట్టిచ్చింది వస్తువులు కాదు, క్రియలు. ఉండేది, వచ్చేది, వినిపించేది, చేసేవారు, పెట్టేవారు. "తెల్లారేసరికి వాకిట్లో ముగ్గు ఉండేది. మేం లేచేసరికి ఇత్తడి గ్లాసులో కాఫీ వచ్చేది. మధ్యాహ్నానికి కొత్త కందిపొడి వాసన వచ్చేది." ఇవి నా వాక్యాలే. ముగ్గు ఉండేది సరే, వేసిందెవరు? కాఫీ వచ్చేది, నడిచి వచ్చిందా?

తెలుగులో కర్తని వదిలేయడం తప్పేమీ కాదు. భాషకి ఉన్న సుఖాల్లో అదొకటి. ఇంగ్లీషులో ఎవరు చేశారో దాచాలంటే వాక్యాన్ని తిరగెయ్యాలి, మనకి ఆ శ్రమ కూడా అక్కర్లేదు. పైగా "వారు" అనే గౌరవ వాచకం ఒకటి. "పప్పు విసిరేవారు" అంటే అమ్మమ్మేనా, పదేళ్ళ కూతురా, కూలికి వచ్చినావిడా, అందరూనా? ఆ "వారు" గౌరవం ఇస్తూనే మనిషిని మాయం చేస్తుంది. ఇంకో సంగతి, ఈ "-ఏది", "-ఏవారు" క్రియల్లో సంఘటన ఉండదు. రోజూ జరిగేదే ఉంటుంది. ఒకరోజు చెయ్యి నలిగింది, ఒకరోజు గొడవైంది, ఒకరోజు ఏడ్చింది అని చెప్పాలంటే "నలిగింది", "అయింది", "ఏడ్చింది" అనాలి. ఆ రూపంలోకి మారగానే జ్ఞాపకం కథ అవుతుంది, మనుషులు వస్తారు, ప్రశ్నలు వస్తాయి. మన నోస్టాల్జియా వ్యాసాలు ఆ మలుపు దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. నా వ్యాసంలో పేరూ వరసా పెట్టి కర్త స్థానంలో కూర్చోబెట్టిన మనిషి తాతయ్య ఒక్కడే. ఆయన వాచీకి కీ ఇచ్చాడు, ఆయన రేడియో పెట్టాడు. మిగిలిన పనులన్నీ వాటంతటవే జరిగిపోయాయి.

*

ఇదే వాకిలి, ఇదే అలకడం, ఇంకొకరు ఎలా రాశారో చూడండి. పి. సత్యవతి గారి "ఇల్లలకగానే" కథ మీలో చాలామంది చదివే ఉంటారు. ఇల్లు అలికి, ముగ్గులు పెట్టి, అద్దంలా ఉంచుకునే ఒక ఇల్లాలు ఒకరోజు తన పేరేమిటో మర్చిపోతుంది. ఎవర్ని అడిగినా అమ్మ, ఆంటీ, ఏమోయ్ అనే వరసలే తప్ప పేరు చెప్పేవాళ్ళుండరు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు పిలిస్తేగానీ అది తిరిగి రాదు. మొదటిసారి చదివినప్పుడు నాకిది భలే ఊహ అనిపించింది, అంతే. అమ్మ ఫోన్ తర్వాత చదివితే వేరేలా కనబడింది. మన పాత ఇళ్ళ వ్యాసాలన్నీ అలికిన నేల దగ్గర నిలబడి మురిసిపోతాయి. ఈ కథ అలికిన చెయ్యి వైపు తిరిగి, ఆ చేతికి పేరేదని అడుగుతుంది. కథలో పేరు మర్చిపోయింది ఆవిడ. వ్యాసాల్లో మర్చిపోయేది మనం.

అలాగని పాత సంగతులు రాసినవాళ్ళందరూ ఈ తప్పు చేశారని కాదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" తీసుకోండి. 1891లో పుట్టిన మనిషి, వేదం, సంస్కృతం తప్ప మరొకటి చదువు కాదనుకున్న ఇంటి నుంచి వచ్చి తెలుగు కథకుడయ్యాడు. ఆ ఇంటి మీద ఆయనకి బోలెడంత ప్రేమ. కానీ ఆ ప్రేమ వల్ల వాదన మొద్దుబారలేదు. ఆ ఇల్లు కాదన్న దారినే తను ఎందుకు ఎంచుకున్నాడో, దానికి ఏం కట్టాల్సి వచ్చిందో చెప్పుకుంటూ పోతాడు. అది పూర్తికాని ఆత్మకథ. అయినా చదివాక మనకి ఒక ఇల్లు మిగలదు, ఒక తగాదా మిగులుతుంది. ఆయన కథల్లో ఆడవాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు, పేజీలకి పేజీలు. తిరగలి చప్పుడు వర్ణించడం కంటే తిప్పే మనిషిని మాట్లాడనివ్వడం కష్టమైన పని. ఆయన ఆ పని చేశాడు.

భానుమతీ రామకృష్ణ "అత్తగారి కథలు" ఇంకో దారి. మడి, ఆచారం, ఆవకాయ, అన్నీ అందులో ఉన్నాయి. "ఆ రోజుల్లో" అని తలుచుకోవడానికి కావలసినంత సరంజామా. కానీ అక్కడ ఆచారం ఎప్పుడూ ఒక మనిషి మీద, ఒక సందర్భంలో, కోడలి కళ్ళ ముందు జరుగుతుంది. నవ్వొస్తుంది కాబట్టి ఆచారం పవిత్రంగా పైకి లేచిపోదు, నేల మీదే ఉంటుంది. శంకరమంచి సత్యం "అమరావతి కథలు" మీద నాకున్న ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. వంద కథలు, బాపు బొమ్మలు, 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ అవార్డు, అన్నిటికీ అర్హమైన పుస్తకమే. గుడి గంట, కృష్ణ ఒడ్డు, ఒక్కొక్క కథలో ఒక్కొక్క మనిషి. పేదలూ ఉన్నారు, ఆకలీ ఉంది. కానీ కథ ముగిసే చోట ఆ ఆకలి కూడా ఊరి అందంలో భాగమైపోతుందేమో అని నాకు చాలాసార్లు అనుమానం. నాలాంటి వాళ్ళు ఆ పుస్తకం నుంచి నేర్చుకున్నది మనుషుల్ని చూడటం కాదు, ఆ మెత్తదనాన్ని మాత్రమే. అది శంకరమంచి తప్పు కాకపోవచ్చు.

వీటన్నిటికీ ఎదురుగా నిలబడే పుస్తకం వై.బి. సత్యనారాయణ గారి "మా నాయన బాలయ్య". 2011లో ఇంగ్లీషులో వచ్చి, తర్వాత తెలుగైంది. తెలంగాణలో ఒక మాదిగ కుటుంబం మూడు తరాల కథ. అందులో ఊరు తిరిగి వెళ్ళాలనిపించే చోటు కాదు, వదిలి బయటపడాల్సిన చోటు. వాళ్ళని బయట పడేసింది రైలు. రైల్వేలో కొలువు, రైల్వే క్వార్టర్, ఆ క్వార్టర్‌లో పిల్లల చదువు. మన వ్యాసాల్లో రైలంటే సెలవులకి ఊరెళ్ళే బండి, కిటికీ పక్క సీటు, బొగ్గు నలుసు. అదే రైలు ఇంకొకరికి ఊరి నుంచి దూరంగా తీసుకెళ్ళిన బండి. ఈ రెండూ ఇంచుమించు ఒకే కాలం. "మన ఊరు", "మన బాల్యం", "మన అమ్మమ్మల కాలం" అని రాస్తున్నప్పుడు ఆ "మన"లో ఎవరెవరున్నారో లెక్క చూసుకోవాలని నాకీ పుస్తకమే నేర్పింది. ఆలస్యంగానే అనుకోండి.

*

నోస్టాల్జియా అనే మాట పుట్టింది జబ్బు పేరుగా. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇంటికి దూరమై చిక్కిపోతున్న వాళ్ళ అవస్థకి ఆ పేరు పెట్టాడు. సోవియట్ యూనియన్ వదిలి అమెరికా వెళ్ళిన స్వెత్లానా బోయ్మ్ 2001లో దీని మీద ఒక పుస్తకం రాసింది. స్థూలంగా ఆవిడ చెప్పేది, నోస్టాల్జియా రెండు రకాలని. ఒకటి పోయిన ఇంటిని ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టాలనుకుంటుంది, తనని తాను సత్యం అనుకుంటుంది. రెండోది ఆ బెంగలోనే ఉండి, బెంగని ప్రశ్నిస్తుంది. మొదటిది చదివినప్పుడు నాకు మా ఊరి పక్కన హైవే మీద ఉన్న "పల్లె" హోటళ్ళు గుర్తొచ్చాయి. గోడకి కొత్త చేట, ద్వారం దగ్గర కొత్త ఎడ్లబండి చక్రం, మూలన ఎప్పుడూ తిరగని తిరగలి. నా బాల్కనీకీ వాటికీ తేడా ఎంత?

ఓర్హాన్ పాముక్ "ద మ్యూజియం ఆఫ్ ఇన్నోసెన్స్" నవల కూడా ఇక్కడ గుర్తు రావాల్సిందే. 2008లో నవల, 2012లో ఇస్తాంబుల్‌లో అదే పేరుతో నిజం మ్యూజియం. ప్రేమించిన అమ్మాయి తాకిన ప్రతి వస్తువునీ కెమాల్ దాచుకుంటాడు, ఆమె కాల్చి పారేసిన 4,213 సిగరెట్ పీకలతో సహా. చదువుతున్నంతసేపూ ఎంత ప్రేమ అనుకున్నాను. తర్వాత తట్టింది, ఆ అమ్మాయి ఫ్యూసున్‌కి ఏం కావాలో అన్ని పేజీల్లో అతను సరిగ్గా విన్నది తక్కువ. వస్తువులు పోగుచెయ్యడంలో ఒక సౌకర్యం ఉంది. అవి ఎదురు మాట్లాడవు. అమ్మ మాట్లాడింది.

*

అయితే పాత వస్తువుల గురించి రాయడం మానేద్దామా? అది నా ఉద్దేశం కాదు. ఈ వ్యాసాలు చేసే మేలు ఒకటుంది, మాటల్ని బతికించడం. పొత్రం, కవ్వం, ఉట్టి, గాడిపొయ్యి, సన్నికల్లు. వస్తువు పోయాక కొన్నాళ్ళకి మాట పోతుంది. మా అబ్బాయికి "చేట" అంటే తెలీదు. నోస్టాల్జియా రచయితలు లేకపోతే ఈ మాటలు నిఘంటువుల్లో తప్ప మిగలవు.

నేనడిగేది వస్తువు వెంట దాని పని కూడా రావాలని. ఉదాహరణకి కళాయి. ఇత్తడి గిన్నెల మీద మనకి ఎన్నో కవితలున్నాయి. చింతపండు పులుసు ఉత్త ఇత్తడిలో పెడితే కిలుం పట్టి విషమవుతుంది. అందుకే లోపల తగరం పూత వేయించాలి. గిన్నెని నిప్పుల మీద ఎర్రగా కాల్చి, నవసారం చల్లి, తగరం కరిగించి, గుడ్డతో లోపలంతా తిప్పితే వెండిలా మెరుస్తుంది. ఆ పొగ ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. కొన్ని నెలలకి పూత పోతుంది, మళ్ళీ వేయించాలి. మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి కళాయి వేసే సాయిబు ఒకాయన తిత్తితో వచ్చేవాడు. స్టీలు వచ్చింది, ఆయన రావడం మానేశాడు. ఇత్తడి గిన్నె పోయిందని మేం బాధపడ్డాం, షీటులో ఫొటో పెట్టి పంచుకున్నాం. ఆయన పని పోయిన సంగతి మా కుటుంబంలో ఎవరి జ్ఞాపకాల్లోనూ లేదు. పైగా స్టీలు రావడం అమ్మకి ఎంత హాయిగా ఉందో కూడా నేను రాయలేదు. మిక్సీ కొన్న రోజు ఆవిడకి పండగట. ఆ మిక్సీ మీద వ్యాసం ఎవరూ రాయరు.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం కూడా సగం నిజమే అవుతుంది. తిరగలి సంగతి నాకు తెలియదు, అడగలేదు. కానీ తెలిసీ రాయనిది ఒకటుంది.

మా షీటులో 43 వరసలున్నాయని చెప్పాను. 44వది ఒక సత్తు గ్లాసు. పెరటి వైపు వసారా చూర్లో దోపి ఉండేది. (చూశారా, నాకూ "ఉండేది" వచ్చేసింది. దోపింది మా అమ్మమ్మ.) పొలం పనికీ, పెరటి పనికీ వచ్చే ఆవిడ దాంతోనే మంచినీళ్ళు తాగాలి. మావాళ్ళు పై నుంచి పోస్తారు, తాగాక ఆవిడే కడిగి మళ్ళీ చూర్లో పెట్టాలి. 1995 వేసవి అనుకుంటా, నాకు ఏడేళ్ళు. ఆడుకుని దాహమేసి వచ్చి, చేతికందిందని ఆ గ్లాసు తీసి కుండలో ముంచుకుని తాగాను. అమ్మమ్మ వచ్చి వీపు మీద చరిచింది. నా జన్మలో ఆవిడ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. నీళ్ళు పారబోసి, కుండ బయటపెట్టి, నాకు నూతి దగ్గర తలమీంచి నీళ్ళు పోసింది. ఇదంతా ఆ పనావిడ గడ్డిమోపు పక్కన నిలబడి చూసింది. ఏమీ అనలేదు. అరవై ఏళ్ళ మనిషి. నేను ఆవిడని పేరు పెట్టి "నువ్వు" అని పిలిచేవాణ్ణి. ఏడేళ్ళ నన్ను ఆవిడ "బాబుగారూ" అనేది.

ఇది నేను మర్చిపోలేదు. తిరగలి వ్యాసం రాస్తున్నప్పుడు కూడా గుర్తుంది. పక్కకి పెట్టాను. అమ్మమ్మ గురించి రాస్తూ అదెందుకులే అనుకున్నాను. చదివేవాళ్ళ కళ్ళు చెమర్చవు కదా. సామాను సర్దేటప్పుడు ఆ గ్లాసు నిజంగానే దొరికింది, చూర్లో కాదు, పెరట్లో మట్టిలో. మావయ్య కొడుకు ఫొటో తియ్యకుండానే చెత్తలో వేశాడు. నేను చూశాను, ఏమీ అనలేదు.

అమ్మమ్మ నన్ను ప్రేమగా పెంచింది. ఆ గ్లాసుని చూర్లో పెట్టిందీ ఆవిడే. తిరగలి పెత్తనం కింద నలిగిందీ, ఇంకొకరి మీద పెత్తనం చేసిందీ ఒకే మనిషి. మంచి రచన ఈ మూడింటినీ ఒకే పేజీలో పట్టగలగాలి. నా వ్యాసం మొదటిదాన్ని మాత్రమే పట్టుకుని, మిగతా రెండూ షీటులోంచి తీసేసింది. అందుకే అది అంతమందికి నచ్చిందని ఇప్పుడు అనుకుంటున్నాను. అది ఎవర్నీ ఏమీ అడగలేదు.

కాబట్టి ఇకమీదట అలాంటి వ్యాసం ఎవరిది చదివినా, నాది సహా, రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ వస్తువుతో పని చేసిందెవరు? దీన్ని ముట్టుకోకూడనివాళ్ళెవరు? జవాబు వ్యాసంలో ఉండాలని నియమం లేదు. కానీ రాసినవాడికి ఆ ప్రశ్న తట్టిందో లేదో వాక్యాల్లో తెలిసిపోతుంది.

పాత వ్యాసాన్ని తీసెయ్యలేదు. కింద ఒక సవరణ పెట్టాను, తిరగలి పాట మా ఇంట్లో ఎవరూ పాడలేదని.

సంక్రాంతికి అమ్మ మా ఇంటికి వచ్చింది. బాల్కనీలోకి వెళ్ళి తిరగలిని చాలాసేపు చూసింది. దీన్ని తీసెయ్యమంటావా అమ్మా అని అడిగాను.

"ఎందుకు తియ్యడం? ఆ కుండీ తీసి పిడి పెట్టించు. అరకేజీ కందులు వేయించి ఇస్తాను, నువ్వూ నీ కొడుకూ కూర్చుని విసరండి" అంది.

పిడి పెట్టించాను. పావుకేజీ దగ్గరే నా భుజం పట్టేసింది. అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంది.